హెడ్డుగారి మర్యాద

డాక్టర్ బంగార్రాజు గారు ఎవరినైనా "ఒరేయ్" అన్నారంటే ఆ రోజు వాడి పంట పండినట్టే. "ఒరేయ్ దున్నపోతా, పిల్లాడి గుండె ఎక్కడుందో అక్కడ పెట్టరా స్టెతస్కోపు" అన్నారంటే మరీ మంచిది, సాయంత్రం టీ కూడా ఆయనే ఇప్పించేవారు. అదే కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, "డాక్టరు గారూ, తమరు ఈ బాబుకి ఏం రాశారో కాస్త సెలవిస్తారాండీ?" అన్నారో, అయిపోయిందే! వార్డులో గుక్కపెట్టిన పసివాళ్ళు కూడా ఓ క్షణం ఏడుపు ఆపేవారని చెప్పుకునేవారు. గోదావరి జిల్లాలవాళ్ళకి ఈ సంగతి ఒకరు చెప్పాలా? మన వైపు మర్యాద మోతాదు మించిందంటే ఎవరికో మూడిందనే లెక్క.

రాజమండ్రిలో ఓ మెడికల్ కాలేజీ. పేరెందుకు లెండి. అందులో పిల్లల విభాగానికి ఆయన ఏళ్ళ తరబడి హెడ్డు. ఆయన తిట్లు తిని డాక్టర్లయినవాళ్ళు పాలకొల్లు నుంచి పిఠాపురం దాకా బోర్డులు కట్టుకుని కూర్చున్నారు. పెళ్ళిళ్ళలో కలిస్తే "నన్ను గాడిదన్నారు", "నన్ను ఏకంగా గాడిద కొడకా అన్నారు" అని పోటీలు పడి మురిసిపోతారు. అలాంటాయన మొన్న వేసవిలో రిటైరయ్యారు. ఆ కుర్చీలోకి ఆయన శిష్యురాలే, డాక్టర్ మంజుష వచ్చింది.

మంజుషది భీమవరం పక్కన రొయ్యల చెరువుల మధ్య ఓ ఊరు. రాజుల ఇల్లు. ఆ ఇళ్ళలో ఉగ్గు తాగే పిల్లని కూడా "రండమ్మా, కాస్త నోరు తెరవండి" అంటారు. వాళ్ళ గుమ్మంలోకి కుక్క వచ్చినా "అవతలికి దయచేయండి" అంటారని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళ ఎకసెక్కాలు. ఆమె ఇన్నేళ్ళ సర్వీసులో ఆయాని కూడా ఏకవచనంతో పిలిచిన పాపాన పోలేదు. వీడ్కోలు సభ రోజున బంగార్రాజు గారు ఆమెని పక్కకి లాగి, "అమ్మాయ్, నీకు వైద్యం వచ్చు. తిట్టడం రాదు. తిట్టడం రానిదానివి హెడ్డుగా ఎలా నెగ్గుకొస్తావే?" అన్నారు. ఆమె నవ్వి ఊరుకుంది.

ఊరుకుంది కానీ ఆమెకీ ఓ పట్టుదల ఉంది. కుర్చీ ఎక్కే ముందు కాలేజీవాళ్ళు ఆమెని విశాఖపట్నం పంపించారు. పిల్లల డాక్టర్లలోంచి రేపటి నాయకుల్ని ఎలా తయారుచేయాలా అని అక్కడ తరగతులు పెట్టారు. చల్లటి గది, రంగురంగుల స్లైడ్లు, మధ్యలో బిస్కెట్లు. ఏం చెప్పారయ్యా అంటే, "చెప్పకండి, అడగండి. మీ కింద ఉన్న కుర్రాడు నోరు విప్పి మీరు తప్పు అని అనగలిగితే, వాడు రేపు నాయకుడు అవుతాడు, మీరు ఇవాళే అయ్యారు" అన్నారు. మంజుషకి ఆ మాట గుండెల్లో దిగిపోయింది. ఎందుకంటే ఆమె భయం కూడా అదే. పెద్దవాళ్ళ వార్డులో రోగి "బాబోయ్, ఇక్కడ నొప్పి" అని అరుస్తాడు. ఏడాది పిల్ల ఏం చెబుతుంది? చెప్పలేని రోగి పక్కన నిలబడినవాళ్ళకైనా నోరుండాలి కదా. తను పొరపాటు చేస్తే "ఆగండి మేడమ్" అనేవాళ్ళు ఒక్కరు, ఒకే ఒక్కరు తన వార్డులో ఉంటే చాలని ఆమె ఆశ. లేకపోతే ఏదో ఒకనాడు ఏ పసిప్రాణమో తన చేతుల మీదుగా పోతుందని ఆమె బెంగ.

మొదటి రోజు రౌండ్స్‌కి చాలా ఉత్సాహంగా వచ్చింది. వెనకాల పీజీలు. వాళ్ళలో ఎజ్రా రెండో ఏడు చదువుతున్నాడు. అమలాపురం అవతలి ఊరు. వార్డులో పెదవి విప్పడు కానీ, హాస్టల్లో బంగార్రాజు గారి గొంతు దించడంలో అతన్ని మించినవాడు లేడని ప్రతీతి. కళ్ళు మూసుకుని వింటే సారే వచ్చారని లేచి నిలబడతారట. నిమ్మొచ్చిన బాబు మంచం దగ్గర ఆగి, మంజుష స్లైడ్లలో నేర్పినట్టు చిరునవ్వు నవ్వి అడిగింది.

"ఎజ్రా గారూ, ఈ బాబుకి ఇదే మందు కొనసాగిద్దామా, మారుద్దామా? మీరేమంటారండి?"

ఎజ్రా మొహంలో నెత్తురుచుక్క లేదు. "తప్పయిపోయిందండి మేడమ్" అన్నాడు.

"ఏం తప్పండి?"

"ఏదైనానండి."

మంజుషకి తలా తోకా అర్థం కాలేదు. కుర్రాడు రాత్రి నిద్రపోలేదేమో అనుకుని ముందుకెళ్ళింది. రెండు మంచాల అవతల కొత్తగా చేరిన పావని రాసిన కేస్‌షీటు చేతిలోకి తీసుకుంది. నిజంగానే ముచ్చటగా రాసింది ఆ పిల్ల. "చాలా బాగా రాశారండి పావని గారూ. ఇంత వివరంగా రాసినవాళ్ళని ఈ మధ్య చూడలేదండి" అని మెచ్చుకుంది. పావని "థాంక్యూ మేడమ్" అంది. అంతే, రౌండ్స్ అయ్యాక డ్యూటీ రూమ్‌లో తలుపేసుకుని బావురుమంది.

ఆ కబురు హెడ్ సిస్టర్ ప్రసన్నకుమారి మోసుకొచ్చింది. "ఆ పిల్ల కేస్‌షీటు చింపేసి మళ్ళీ రాస్తోందండి. ఒకటే ఏడుపండి."

"అయ్యో, ఎందుకండీ? నేను బాగుందన్నానే!"

"ఆయ్. అదే కదండీ మరి" అంది ప్రసన్నకుమారి, అంతకంటే తేటగా ఎవరూ చెప్పలేరన్నట్టు.

మంజుష ఇంకాస్త మెత్తగా మాట్లాడితే సర్దుకుంటుందనుకుంది. ఆమె మెత్తదనం పెంచేకొద్దీ వార్డు బిగుసుకుపోయింది. ఏది అడిగినా "అలాగేనండి". సూది ఏ వైపు వేద్దాం అంటే "అలాగేనండి". వద్దా అంటే అదీ "అలాగేనండి". మెడిసిన్ పుస్తకాలు తిరగేసిన మనిషి, ఈ అలాగేనండికి మాత్రం మందు ఎక్కడా కనపడక తల పట్టుకుంది. ఓ రోజు తాపేశ్వరం నుంచి కాజాల పెట్టె తెప్పించి డ్యూటీ రూమ్‌లో పెట్టింది. "అందరూ తినండి, మొహమాటపడకండి" అని మరీ చెప్పి వెళ్ళింది. మర్నాడు చూస్తే పెట్టె మూత తీసినట్టే లేదు, చీమలు మాత్రం బారులు తీరి ఉన్నాయి.

"ఏంటండీ సిస్టర్ గారూ, వీళ్ళెవరికీ తీపి పడదా?"

ప్రసన్నకుమారి గొంతు తగ్గించింది. "సారు ఉన్నప్పుడు కాజాలు ఒక్కసారే తెచ్చారండి. అశోక్ గారని సీనియర్ ఉండేవారు చూడండి, ఆయనకి సారే స్వయంగా తినిపించారండి. తినిపించి ఆ మర్నాడే మన్యంలో క్యాంపుకి పంపించేశారండి. ఇప్పుడు ఎవరిని పంపుతారా అని పిల్లలందరూ హడలిచస్తున్నారండి."

మంజుషకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తను ఎవర్నీ ఎక్కడికీ పంపట్లేదు. తను మొన్న అసోసియేట్ ప్రొఫెసర్‌గా ఉన్నప్పుడూ ఇదే గొంతు, ఇవే గార్లు, ఇవే అండీలు. అప్పుడు ఎవరూ ఏడవలేదే! పైగా ఇదే పిల్లలు ఆమె గదికొచ్చి సార్ మీద చాడీలు చెప్పుకుని ఊరట పొందేవారు. మనిషి మారలేదు, మాట మారలేదు. మరి మారిందేమిటి? కుడితిలో పడ్డ ఎలుకలా ఆలోచనల్లో కొట్టుకుంది కానీ బయటపడే దారి దొరకలేదు. నేరుగా అడుగుదామా అంటే, అడిగితే "అలాగేనండి" అంటారు.

ఇలా ఉండగా దుర్గాశ్రీ వచ్చింది. ఆరేళ్ళ పిల్ల, లంక ఊరు, వాళ్ళ నాయనమ్మ మరిడమ్మ భుజాన వేసుకుని తెచ్చింది. తల్లి పచ్చి బాలింత, ఇంటి దగ్గరే ఉంది. డెంగీ. జ్వరం తగ్గిందని ఇంట్లో అందరూ సంబరపడుతుండగా పిల్ల చేతులూ కాళ్ళూ చల్లబడ్డాయి. డెంగీలో గండమంతా జ్వరం తగ్గాకే ఉంటుంది. రక్తంలో నీరు నాళాల్లోంచి బయటికి ఊరిపోయి బీపీ పడిపోతుంది. అప్పుడు సెలైనే ప్రాణదాత. ఒకటి రెండు రోజులకి గండం గడిచిందా, ఊరిన నీరంతా తిరిగి రక్తంలోకి వచ్చేస్తుంది. అప్పుడు అదే సెలైన్ ప్రాణాంతకం, ఆపకపోతే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. ఎక్కించడం చాలామందికి తెలుసు, ఎప్పుడు ఆపాలో పిల్ల మొహం చూసి పట్టుకోవాలి.

మొదటి గండం నుంచి మంజుష పిల్లని గట్టెక్కించింది. మంచం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. మూడో రోజు రౌండ్స్‌కి వచ్చేసరికి పిల్ల కళ్ళు తెరిచి చూస్తోంది, కానీ నాడి ఇంకా వేగంగా కొట్టుకుంటోంది. నీరు ఇంకా ఊరుతూనే ఉందేమో, సెలైన్ ఇప్పుడే ఆపితే మళ్ళీ బీపీ పడిపోతుందేమో అని ఆమెకి భయం వేసింది. మొన్న చల్లబడ్డ ఆ చిన్న పాదాలు ఆమె అరచేతుల్లోంచి ఇంకా పోలేదు.

"నాడి వేగంగానే ఉంది. ఈ పూటకి సెలైన్ ఇలాగే ఉంచుదామనుకుంటున్నానండి" అంది. తర్వాత ఎజ్రా వైపు తిరిగి, వీలైనంత మర్యాదగా, "తెల్లవారుజాము నుంచీ పాపని మీరే కనిపెట్టుకుని ఉన్నారు కదండీ. మీరేమంటారండి ఎజ్రా గారూ? తప్పుంటే చెప్పండి" అంది.

ఎజ్రా పిల్ల కళ్ళవైపు చూశాడు. రెప్పలు కాస్త ఉబ్బి ఉన్నాయి. మంజుష వైపు చూశాడు. నోరు తెరిచాడు. తక్కిన పీజీలందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకుంటున్నారు. ప్రసన్నకుమారి ట్రేలో దూది సర్దుతోంది. మంజుష అతని నోటివంకే ఆశగా చూస్తూ నిలబడింది.

"తమరెలా అంటే అలాగేనండి" అన్నాడు ఎజ్రా.

ఆమె నిట్టూర్చి పక్క మంచానికి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం ఇంకా అన్నం డబ్బా మూత తీయలేదు, ఫోను మోగింది. "మేడమ్ గారూ, దుర్గాశ్రీకి ఆయాసమండీ!" మంజుష డబ్బా అక్కడే వదిలేసి పరిగెత్తింది. పిల్ల పడుకోలేక లేచి కూర్చుంది. ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. మరిడమ్మ వీపు రాస్తూ "నా తల్లే, నా తల్లే" అని గొణుగుతోంది. స్టెతస్కోపు పెడితే ఊపిరితిత్తుల్లో అడుగున నీటి చప్పుడు. నీరు ఇంకా బయటికి ఊరడం లేదు, రక్తంలోకి తిరిగొచ్చేసింది. తనే పైనుంచి ఇంకా పోసింది.

"సెలైన్ ఆపండి! ఆక్సిజన్ పెట్టండి, తలవైపు ఎత్తండి. నీరు లాగే ఇంజెక్షన్..."

ఆమె మాట పూర్తవకముందే ఎజ్రా చెయ్యి చాపాడు. చేతిలో సిరంజి. అందులో మందు, పిల్ల బరువుకి సరిపడా, ముందే నింపి ఉంది. మంజుష సిరంజి వంక చూసింది, అతని వంక చూసింది, మందు ఇచ్చింది.

పొద్దు వాలేసరికి పిల్ల పక్క తడిపింది. మళ్ళీ తడిపింది. ఆయాసం నెమ్మదించింది. "నానమ్మా, ఇడ్లీ" అంది. ఇడ్లీ అన్న ఆ మాట వినేదాకా మంజుష మంచం పక్కనుంచి కదలలేదు. విన్నాక తన గదిలోకెళ్ళి కుర్చీలో కూలబడింది. ఎజ్రాని పిలిపించింది. అతని వెనకే పావని కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మీకు పొద్దున్నే తెలుసు కదండీ?"

"తెలుసండి" అన్నాడు ఎజ్రా తలొంచుకుని. "రెప్పలు ఉబ్బాయండి. ఒంటేలు ధారాళంగా వస్తోందండి. ఊపిరి వేగం పెరిగిందండి. నాడి వేగం దానివల్లేననిపించిందండి."

"మరి చెప్పలేదేమండీ? నేను అడిగాను కదా! నోరు తెరిచి అడిగానే!"

"అడిగారు కదండీ" అన్నాడతను. "అందుకే చెప్పలేదండి."

మంజుషకి కోపం వచ్చింది. ఎవరిమీదో తెలియలేదు. గుమ్మంలోంచి పావని ఉండబట్టలేక అందుకుంది. "అడక్కుండా ఉంటే చెప్పేద్దామనే అనుకున్నాడండి. సెలైన్ ఆపేయాలని పొద్దున్న నాతో అన్నాడు కూడానండి. మీరు గారు అనీ, తప్పుంటే చెప్పండి అనీ అనేసరికి... మీకు అంతా తెలిసే, ఇతనిదే ఏదో తప్పు పట్టుకుని నలుగురిలో ఆడిస్తున్నారనుకున్నామండి."

"నేనెప్పుడూ ఇలాగే మాట్లాడతాను కదమ్మా! మొన్న వేసవి వరకూ ఇలాగే మాట్లాడాను కదా!"

"అప్పుడు మీరు మంజుష మేడమండి. ఇప్పుడు హెడ్డుగారండి."

ఎజ్రా ఇంకా తలెత్తలేదు. నేలనే చూస్తూ అన్నాడు. "మా నాన్న రొయ్యల చెరువుల దగ్గర కాపలా ఉండేవాడండి. కామందుగారు ఎప్పుడూ ఒరే అనే పిలిచేవారండి. ఒక్కసారే గారు అన్నారండి. 'యోహాను గారూ, తమరింక విశ్రాంతి తీసుకోండి' అన్నారండి. ఆ మర్నాటి నుంచి పని లేదండి. మా ఇంట్లో ఎవర్నైనా గారు అని పిలిస్తే మా అమ్మకి ఇప్పటికీ భయమేనండి."

మంజుష సిగ్గుతో చచ్చిపోయింది. తన ఇంట్లో చెరువుల మీద పనిచేసేవాళ్ళని ఎవరు ఎలా పిలిచేవారో గుర్తు చేసుకోబోయింది. ఉగ్గు తాగే పిల్లకి దక్కిన గారు, ఆ చెరువు గట్టు మీద ఎవరికైనా దక్కిందా? గుర్తు రాలేదు. గుర్తు రాకపోవడమే జవాబని కూడా తెలుస్తూనే ఉంది. "వెళ్ళి అన్నం తినండి" అనబోయి, ఆ 'తినండి' ఎలా వినబడుతుందో అని భయమేసి, చేత్తో సైగ చేసి పంపించేసింది. ఒక హెడ్డు తన సొంత భాషకి తనే భయపడాల్సిన రోజొకటి వస్తుందని విశాఖపట్నంలో ఏ స్లైడులోనూ చెప్పలేదు.

చీకటి పడ్డాక బంగార్రాజు గారు గోదావరి గట్టు మీద బజ్జీల బండి దగ్గర దొరికారు. షుగరున్న మనిషి, ఇంట్లో తెలియకుండా తింటున్నారు. మంజుష సంగతంతా చెప్పింది. ఆయన పకపకా నవ్వారు.

"నే చెప్పలేదుటే అమ్మాయ్! తిట్టు. ఒరేయ్ అను. గాడిదా అను. వాడు మనవాడని వాడికి తెలియాలంటే నాలుగు తిట్లు పడాలి."

"మిమ్మల్ని అందరూ ప్రేమించారండి, ఒప్పుకుంటాను" అంది మంజుష. "కానీ సార్, మీరు పొరపాటు చేసినప్పుడు మీకెవరు చెప్పారండి?"

"ఏంటీ?"

"మీరు రాసిన మందు తప్పని, ఆగండి సార్ అని, ఎవరైనా ఎప్పుడైనా అన్నారాండీ?"

బంగార్రాజు గారు బజ్జీ నోటిదాకా తీసుకెళ్ళి ఆగారు. గోదావరి వైపు చూశారు. "అనలేదే" అన్నారు చివరికి. "నేను తప్పులు చెయ్యను కాబట్టి అనలేదనుకున్నాను."

ఆయన ఆ బజ్జీ తినలేదు. కాగితంలో చుట్టి బండి పక్కన డబ్బాలో పడేశారు. మంజుష ఆయన పాదాలకి దణ్ణం పెట్టి వచ్చేసింది. తిట్టాలా, మానాలా, గారు అనాలా, ఒరే అనాలా? వచ్చినప్పుడు ఒక్క అయోమయమే ఉంది, వెళ్ళేటప్పుడు రెండయ్యాయి.

మర్నాడు రౌండ్స్. దుర్గాశ్రీ మంచం దగ్గర అందరూ చేరారు. మంజుష ఊపిరి పీల్చుకుని, గురువుగారి సలహాయే ముందు పాటిద్దామని, గొంతు పెంచి, "ఒరే..." అంది. వార్డంతా తలెత్తింది. "ఒరే... ఎజ్రా గారూ" అని ముగించింది. పావని పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. ప్రసన్నకుమారి ట్రే కింద పెట్టేసి అటు తిరిగి నవ్వింది. మరిడమ్మ కూడా నవ్వింది. మంజుషకే నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది.

అప్పుడు ఆమెకి తోచింది, తను నిలబడ్డ చోటు. పిల్ల తలగడ పక్కన, కుడివైపు. ఆ వార్డులో అది హెడ్డు స్థానం. బంగార్రాజు గారు ఇన్నేళ్ళూ అక్కడే నిలబడ్డారు. కాళ్ళవైపు, కేస్‌షీటు చేత్తో పట్టుకుని నిలబడేది పీజీలు. తన నోటికి ఒకటే భాష వచ్చు. అది ఆ కాళ్ళ చివర నిలబడి మాట్లాడే భాష.

"ఎజ్రా గారూ, మీరిటు రండి."

"అలాగేనండి" అన్నాడు కానీ కదల్లేదు. ఆమె అతని చేతిలోంచి కేస్‌షీటు తీసుకుని, భుజం పట్టి తలగడ పక్కకి నెట్టింది. తను కాళ్ళవైపు వెళ్ళి నిలబడింది. ఎజ్రా మొహం చూస్తే పాడె ఎక్కినవాడిలా ఉన్నాడు. ఇంతకంటే పెద్ద వెటకారం గోదావరి జిల్లాల చరిత్రలో జరిగి ఉండదని తక్కినవాళ్ళందరూ కొయ్యబారిపోయారు.

"సార్, ఈ పాప పేరు దుర్గాశ్రీ అండి" అని మొదలుపెట్టింది మంజుష, తను పీజీగా ఉన్న రోజుల్లో చెప్పినట్టే. "డెంగీ అండి. నిన్న పొద్దున్న సెలైన్ ఆపేయాల్సిందండి. నేను ఆపలేదండి. నాడి వేగం చూసి పొరబడ్డానండి. దాంతో ఊపిరితిత్తుల్లో నీరు చేరి ఆయాసం వచ్చిందండి. అది నా తప్పండి."

"ఏంటమ్మా?" అంది మరిడమ్మ. ఆవిడ నవ్వు పోయింది. "ఎవరిదంటున్నారు తప్పు?"

"నాదేనండి మామ్మగారూ."

మరిడమ్మ ఆమెని కిందినుంచి పైకి చూసింది. ఇది వెటకారమా, నిజమా? ఆవిడకీ అంతు చిక్కలేదు. మనవరాలి తల తన వైపుకి లాక్కుంది. "అయితే ఇయ్యాలైనా సరిగ్గా చూడండి మరి" అంది.

ఆ మాట ఎజ్రాకి తగిలింది. అతను అప్పటిదాకా మంజుష మొహంలో కత్తి ఎక్కడుందా అని వెతుకుతున్నాడు. ఇప్పుడు వంగి పిల్లని చూశాడు. రెప్పల వాపు తీసింది. ఊపిరి బాగుంది. పొట్ట నొక్కి చూశాడు, చెయ్యెత్తించి చూశాడు. పిల్ల చెయ్యి బద్ధకంగా లేచి పడిపోయింది. అతని కనుబొమలు ముడిపడ్డాయి. తను ఎక్కడున్నాడో, ఎదురుగా ఉన్నదెవరో మరిచిపోయాడు. ఆ స్థానంలోంచి ఆ వార్డు ఏళ్ళ తరబడి విన్న గొంతే అతని నోట్లోంచి వచ్చేసింది.

"ఏమ్మా, అంత నీరు లాగించావు, పొటాషియం చూశావా?"

ఎజ్రాకి తను అన్నది తన చెవులకే వినబడి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. పావని కళ్ళు మూసేసుకుంది. హెడ్డుని, రాజుల ఆడపడుచుని, నలుగురిలో చూశావా అన్నాడు!

మంజుష కేస్‌షీటు తిప్పింది. మళ్ళీ తిప్పింది. నీరు లాగే మందు ఇస్తే పొటాషియం కూడా ఒంటేలుతో పోతుందని, అది పడిపోతే కండరాలు నీరసించి గుండె లయ తప్పుతుందని ఆమె ఎంతమందికి పాఠం చెప్పిందో. నిన్నటి హడావుడిలో ఆ పరీక్ష రాయలేదు.

"చూడలేదండి" అంది. "తప్పయిపోయిందండి."

ఆమె ప్రసన్నకుమారి ట్రేలోంచి సిరంజి అందుకుని, పిల్ల పక్కన వంగి, "కాస్త ఓర్చుకోండమ్మా, అయిపోతుంది" అంటూ తనే రక్తం తీసింది. ట్యూబు పావని చేతికిచ్చి ల్యాబుకి పరిగెత్తించింది. తిరిగి కాళ్ళవైపు వచ్చి కేస్‌షీటు తెరిచి పెన్ను పట్టుకుంది.

"రక్తం పంపించానండి సార్. ఇంకేమైనా మర్చిపోయానాండీ?"

ఇది నిజమా, రేపు ఉండబోయే శిక్షకి ముందుమాటా? ఎజ్రాకి తెలియలేదు. ఆమె మొహంలోకి చాలాసేపు చూశాడు. నాన్నని గారు అన్న కామందు కళ్ళు అక్కడ ఉన్నాయా అని చూశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, రాత్రి ఏడ్చినట్టున్నాయి, అంతకుమించి ఏమీ తేలలేదు. కింద దుర్గాశ్రీ చేతికి అంటించిన దూది పీకేసుకుంటోంది. అతను ఆ దూది మళ్ళీ అదిమి పట్టాడు.

"ఇంకోటుందండి మేడమ్" అన్నాడు.